శ్రీమద్దసరా ప్రయాణాభ్యుదయం

ఓరుగల్లు ప్రతాపరుద్రుని కొలువులో విద్యానాథుడని ఒక లక్షణకారుడు ఉండేవాడు. మహాకావ్యంలో ఉండవలసిన పద్దెనిమిది వర్ణనలను ఆయన ‘ప్రతాపరుద్రీయం’లో ఏకరువు పెట్టాడు. నగరం, సముద్రం, కొండ, ఋతువు అంటూ మొదలైన ఆ పట్టీ చివరికి అయిదింటి దగ్గర ఆగుతుంది: మంత్రం, ద్యూతం, ప్రయాణం, ఆజి, నాయకాభ్యుదయం. మంత్రమంటే ఆలోచన సభ, ద్యూతమంటే జూదం, ఆజి అంటే యుద్ధం. ఏడు వందల ఏళ్ల కిందటి ఈ వరుస చూస్తే, ఆయన కూడా దసరా ముందు రోజు సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)‌లో కరీంనగర్ బస్సు కోసం నిలబడ్డవాడేమో అన్న అనుమానం రాక మానదు. ముందు ఎట్లా పోదామని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన. తర్వాత టికెట్‌తో జూదం. ఆ పైన మూటాముల్లెతో బయల్దేరడం, బస్సు డోరు దగ్గర యుద్ధం, బతికి ఊరు చేరితే అభ్యుదయం. ఒక్కటీ వరుస తప్పలేదు.

అందుచేత చొప్పదండి స్థలంగా, 2025 దసరా కాలంగా, పండుగ ప్రయాణం వస్తువుగా ఈ అల్పకవి ఒక మహాకావ్యానికి పూనుకున్నాడు. పద్దెనిమిదీ కుదరవని ముందే మనవి. సముద్రం చొప్పదండికి బహుదూరం. మధుపాన వర్ణన పెడదామంటే ఆ ఏడు దసరా సరిగ్గా అక్టోబరు 2న పడింది. గాంధీ జయంతి నాడు మద్యం దుకాణాలూ మాంసం దుకాణాలూ బంద్ కాబట్టి ఆ ఘట్టాన్ని చట్టమే కావ్యంలోంచి కొట్టేసింది. అయితే ఈ కథలో యుద్ధమంటూ జరిగిందంటే ఆ కొట్టివేత వల్లే జరిగింది. అది ముందు ముందు తెలుస్తుంది.

దేవతాస్తుతి

మొదట దస్తీకి దండం. జానెడు గుడ్డవై పుట్టి, కిటికీలోంచి లోపల పడ్డ మరుక్షణం రాజముద్రవై వెలిగి, నీ మీద ఎవ్వరూ కూర్చోకుండా కాపాడే ఓ చతురస్ర స్వరూపమా, నీకు జయం. తర్వాత కండక్టరు మెడలోని టికెట్ మిషనుకు నమస్కారం. కిర్రుమని ఒక్క కూత కూసి తెల్లని నాలుక చాచే నీ దయ లేనిదే ఈ లోకంలో ఎవరూ ఎక్కడికీ చేరరు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పేరిట పల్లె వెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు సున్నా రూపాయల టికెట్ ఇస్తున్నావు. సున్నాకు ఇంత విలువ బ్రహ్మగుప్తుడి తర్వాత నువ్వే తెచ్చావు. ఆఖరున ఆధార్ కార్డుకు వందనం. నీ మీది బొమ్మ మాదో కాదో మాకే తెలియకపోయినా కండక్టరమ్మ గుర్తుపడుతుంది.

పురవర్ణన

కరీంనగర్‌కు ఉత్తరాన, ధర్మారం మీదుగా రాయపట్నం వంతెన దిక్కు పోయే తొవ్వలో చొప్పదండి పురం అలరారుతున్నది. 2018లో మున్సిపాలిటీ అయ్యింది. తన పేరున ఒక శాసనసభ నియోజకవర్గం ఉంది. చదువులకు ఇక్కడ నవోదయ విద్యాలయం, పక్కనే రుక్మాపూర్‌లో సైనిక్ స్కూల్ ఉన్నాయి. సెలవులిచ్చిన నాడు నవోదయ గేటు ముందు చూడాలి. రేకు పెట్టెలను నెత్తిన పెట్టుకున్న తండ్రులు సంజీవని పర్వతమెత్తిన ఆంజనేయుల్లా బారులు తీరుతారు. పెట్టెలో సగం పుస్తకాలు, సగం ఉతకని బట్టలు. పర్వతం బరువు హనుమంతుడికి తెలియదు గానీ ఈ పెట్టె బరువు ఈ తండ్రికి బాగా తెలుసు.

ఈ పురంలో ఒక అవ్వ, ఒక బాపు. వాళ్ల కొడుకు హైదరాబాదులో ఉద్యోగి. కోడలి తల్లిగారిల్లు ధర్మారంలో. కోడలి తమ్ముడు, అంటే కొడుకు బామ్మర్ది, అతడూ హైదరాబాదే. మనవడు, మనవరాలు బడి పిల్లలు. పాత్రలు ఇంతే. వీరిలో నాయకుడెవరో కవి ఇప్పుడే చెప్పడు.

మంత్రం

ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబరు 21న, ఆదివారం. బడి సెలవులూ ఆ రోజు నుంచే, అక్టోబరు 3 దాకా. ఇంకా నెల ఉందనగా వాట్సాప్ వీడియోలో కొలువు తీరింది. ఒక గడిలో బాపు నుదురు, ఒక గడిలో అవ్వ చెవి, ఒక గడిలో తిరుగుతున్న ఫ్యాను కనబడుతున్నాయి. ఫ్యాను కొడుకు ఇంటిది.

ముందుగా బామ్మర్ది లేచాడు. వీరరసం మూర్తీభవించినట్టు, ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో చాయ గ్లాసు పట్టుకుని ఇలా పలికాడు:

“బావా, బుధవారం రాత్రికల్లా ఊళ్లె ఉండాలె. గురువారం దసరా, అదే నాడు గాంధీ జయంతి. అన్ని దుకాణాలు బంద్. ఒక్క పూట ఆలస్యమైతే పండుగకు పప్పుచారే గతి. ముందే చెప్తున్న.”

సభ నిశ్శబ్దమైంది. తెలంగాణలో దసరా నాడు పప్పుచారు అనే మాట విని చలించని గుండె లేదు. హెలెన్ కోసం వెయ్యి ఓడలు కదిలాయని గ్రీకు కవులు చెప్పుకున్నారు. యాటకూర కోసం కదిలే బస్సుల లెక్క మన కవులెవరూ రాయలేదు.

బాపు గొంతు సవరించుకున్నాడు. “2019ల సంగతి యాదికున్నదా? అక్టోబర్ 5 నాడు ఆర్టీసీ సమ్మె మొదలాయె. 8 నాడు దసరా. యాభై రోజులకు పైనే నడిచింది. చివరి రోజు పోదమని కూసున్నోళ్లకు ఏం దొరికింది?”

అప్పుడు అవ్వ ఫోను చెవి నుంచి తీసి మొహానికి ఎదురుగా పెట్టుకుంది. కొలువులో మొదటిసారి ఆమె మొహం కనిపించింది.

“ఊరంత కదిలిననాడు మనమెందుకు కదలాలె కొడుకా? కోడలిని, పిల్లలను అలిగిన బతుకమ్మ నాడు తోలియ్యి. ఆనాడు బతుకమ్మనే ఆడరు. ఆడేదే లేనినాడు ఊరికి ఎవరుర్కొస్తరు? బస్సులు తీరువాటంగ ఉంటయి.”

ఈ మాటలో రాజనీతి అంతా ఉంది. బతుకమ్మ రోజుకో పేరుతో వస్తుంది. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, ఇలా అయిదు నాళ్లు పూలు పేర్చుకుంటూ పోయి, ఆరో నాడు బతుకమ్మ అలుగుతుంది. ఎప్పుడో పొరపాటున మాంసం తగిలిందని అలిగిందంటారు. ఆ నాడు పూలు పేర్చరు, ఆట లేదు, నైవేద్యం లేదు. తర్వాత వేపకాయలు, వెన్నముద్దలు, చివర సద్దులు. జనమంతా సద్దులకు రెండు రోజుల ముందూ, దసరాకు ఒక రోజు ముందూ పరుగెత్తుతారు. ఆరో నాటి అలక మీద ఎవరి కన్నూ పడదు. సాక్షాత్తు దేవతే సెలవు తీసుకున్న రోజున ప్రయాణం పెట్టుకోవడం చాణక్యుడికి కూడా తట్టని ఉపాయం.

“సద్దులు తల్లిగారింట్ల ఆడుకోని, దసరా నాడు పొద్దుగాల పిల్లలను తీసుకోని ఈడికి రావాలె,” అని అవ్వ కోడలికి చెప్పింది. “సరే అత్తమ్మా” అన్న మాట అంత త్వరగా ఏ కొలువులోనూ వినబడి ఉండదు. సద్దులు పుట్టింట్లో, దసరా అత్తింట్లో. సంధి కుదిరింది, రెండు రాజ్యాలూ క్షేమం.

“మరి నేను?” అన్నాడు కొడుకు.

“నువ్వు దసరా నాడు తెల్లారుజామున మొదటి బస్సెక్కు. పండుగ రానే వచ్చినాక ఎవడు ప్రయాణం చేస్తడు? జమ్మికి పోయేది పొద్దుగూకినంక గదా.”

“అత్తమ్మా, మటన్!” అని బామ్మర్ది అరిచాడు. ఆ కేక నెట్‌వర్కులో చిక్కుకుని “ట...న్” అని మాత్రమే వినబడింది. అవ్వ జవాబు చెప్పలేదు.

ఇక ముల్లెల మీద శాసనం వెలువడింది. “ఒక చేతికి ఒక సంచి. ఒక చేతికి ఒక పిల్ల. మూడో చెయ్యి దేవుడియ్యలే.” సద్ది ఇంట్లోనే కట్టుకోవాలి. నీళ్ల సీసా పిల్లలకు అందే చోట ఉండాలి. జీవమున్నదేదీ బస్సులో ఎక్కించరాదు. ఈ చివరి నిబంధనకు చరిత్ర ఉంది. 2024 జనవరిలో, సంక్రాంతికి కొద్ది రోజుల ముందు, వరంగల్ నుంచి వేములవాడ పోయే బస్సులో ఎవరో సంచిలో ఒక కోడిపుంజును మరిచి దిగిపోయారు. కరీంనగర్‌లో ఆర్టీసీ వాళ్లు దాన్ని డిపోలో ఉంచి, గింజలు వేసి సాకి, బహిరంగ వేలమని ప్రకటన ఇచ్చారు. అంతవరకు అనామకంగా బతికిన ఆ పుంజు ఒక్కరోజులో దేశమంతటి పేపర్లకెక్కింది. చివరికి వేలం జరగనే లేదు. కావ్యనాయకుడి లక్షణాలన్నీ ఉన్న పక్షి అది: ఉన్నత వంశం, ఎర్రని కిరీటం, అడవిపాలు కావడం, కీర్తి పొందడం. అయినా అవ్వ దృష్టిలో అది మరిచిపోయిన సామాను మాత్రమే. తిరుగు ప్రయాణంలో నాటుకోడిని హైదరాబాదుకు తెస్తానన్న బామ్మర్ది ప్రతిపాదన అక్కడికక్కడే వీగిపోయింది.

ద్యూతం

కొడుకు మరునాడే భార్యాపిల్లలకు శుక్రవారం పొద్దుటి సూపర్ లగ్జరీలో, ఏడాది పొడవునా నడిచే రోజువారీ సర్వీసులో, సీట్లు రిజర్వు చేశాడు. ఇందులో వర్ణించడానికి ఏమీ లేదు. కవి ఎంత గింజుకున్నా ఒక వాక్యం దాటలేదు.

బామ్మర్ది మాత్రం పాచికలు పట్టాడు. పెద్దపల్లి దాకా రైల్లో పోయి, అక్కడి నుంచి ధర్మారం అందుకోవాలని అతడి ఎత్తు. రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందు పొద్దున ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. 2024 నవంబరు 1కి ముందు నూట ఇరవై రోజులుండేది. బామ్మర్ది బుర్రలో పాత లెక్కా కొత్త లెక్కా కలిసిపోయి, గుర్తొచ్చేసరికి నెల మాత్రమే మిగిలింది. అప్పుడు చేతికి వచ్చింది వెయిటింగ్ లిస్టు.

వెయిటింగ్ లిస్టును ఏమని వర్ణించను? అది టికెట్టూ కాదు, కాకపోవడమూ కాదు. త్రిశంకువును ఆకాశంలో తలకిందులుగా వేలాడదీసిన విశ్వామిత్రుడు దాన్ని చూసి తన సృష్టి అనుకుని ఉంటాడు. పొద్దున 42 అన్నది సాయంత్రం 39 అయితే బామ్మర్ది ఇంటికి మిఠాయి తెచ్చాడు. మూడు రోజులు అక్కడే నిలబడితే అన్నం ముట్టలేదు. ధర్మరాజు జూదంలో రాజ్యాన్నీ తమ్ములనూ ఒడ్డాడు గానీ తన మనశ్శాంతిని నెల రోజులు వాయిదాల మీద ఒడ్డలేదు.

ఇక తత్కాల్. ఏసీకి పొద్దున పదింటికి, మామూలు స్లీపరుకు పదకొండుకు, ప్రయాణానికి ఒక్కరోజు ముందు మాత్రమే తెరుచుకునే ఈ ద్వారం వైకుంఠద్వారం కన్నా ఇరుకు. 2025 జులై నుంచి ఆధార్‌తో ముడిపెట్టిన ఖాతా ఉంటేనే ఆన్‌లైన్‌లో లోపలికి ప్రవేశం, ఆ పైన ఫోనుకు వచ్చే ఓటీపీ. మంగళవారం పదకొండు కొట్టింది. బామ్మర్ది పేరు కొట్టాడు, వయసు కొట్టాడు, డబ్బు కట్టే చోటికి చేరాడు. ఓటీపీ బయల్దేరింది. దారిలో ఎక్కడ చాయ తాగిందో ఏమో, అది చేరేసరికి సీట్లు హరించుకుపోయాయి. జూదరి చేతిలో దస్తీ ఒక్కటే మిగిలింది.

ప్రయాణం

ఈలోపు, అంతకు ముందటి శుక్రవారం, సెప్టెంబరు 26 పొద్దున, అలిగిన బతుకమ్మ నాడు, కోడలు పిల్లలతో బయల్దేరింది.

కావ్యధర్మం ప్రకారం ఇక్కడ ధూళి సూర్యుణ్ని కప్పాలి, ఏనుగులు ఘీంకరించాలి, దిక్కులు దద్దరిల్లాలి. ఏదీ జరగలేదు. మనవరాలికి కిటికీ పక్క సీటు, మనవడికి దాని పక్క సీటు దొరికాయి. సగం దూరంలో మార్చుకుంటామని ఒప్పందమైంది. ఒప్పందం మీద సంతకాలు కూడా అయ్యాయి. కోడలు దిండు లాగా మడిచిన శాలువా తల కింద పెట్టుకుని కళ్లు మూసుకుంది. శామీర్‌పేట చెరువు వచ్చింది, పోయింది. ప్రజ్ఞాపూర్ వచ్చింది. కుకునూర్‌పల్లి వచ్చింది. రాజీవ్ రహదారి పొడవునా తంగేడు పచ్చగా పూసివుంటే మనవరాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, తప్పిపోయి, మళ్లీ మొదలుపెట్టింది. సిద్దిపేట బైపాస్ వచ్చేసరికి సద్దిడబ్బా తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే సీట్ల మార్పిడి గడువు వచ్చిందని మనవడు గుర్తుచేశాడు. చిన్న ఉద్రిక్తత. అమ్మ ఒక్క చూపు చూసింది. శాంతి నెలకొంది.

ఈ దారికి రైలు కూడా రావలసి ఉంది. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి దాకా వేసే లైనుకు 2016లో పునాది పడింది. 2023 అక్టోబరులో సిద్దిపేట దాకా రైలు వచ్చింది. మిగిలింది పూర్తయి కరీంనగర్ పొలిమేరలోని కొత్తపల్లిని తాకిన నాడు ఇంకో కవి ఇంకో కావ్యం రాసుకుంటాడు. ప్రస్తుతానికి రేణికుంట టోల్, మానేరు డ్యాం నీళ్ల మెరుపు, కరీంనగర్ బస్టాండ్.

కరీంనగర్‌లో ధర్మారం దిక్కు పోయే పల్లె వెలుగు ఎక్కింది కోడలు. ఇప్పుడు ఆధార్ బయటకు వచ్చింది, సున్నా టికెట్ చేతికి వచ్చింది. జేబీఎస్ నుంచి కూడా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఉచితమే కదా అని మీరడగవచ్చు. అవ్వ లెక్క వేరు: పిల్లలూ సామానూ ఉన్న దూరప్రయాణానికి డబ్బు పెట్టి సీటు కొనుక్కోవాలి, గంటలోపు ప్రయాణానికి సున్నా టికెట్ వాడుకోవాలి. కౌటిల్యుడు కోశాగారాన్ని ఇంతకన్నా పొదుపుగా నడిపినట్టు రుజువు లేదు.

అర్నకొండ దాటి చొప్పదండి రాగానే ఒక అద్భుతం జరిగింది. ధర్మారం పోయే బస్సు అత్తగారి ఊరు మీదుగానే పోవాలి. దిగితే సద్దుల సంధి చెడుతుంది, దిగకపోతే మర్యాద చెడుతుంది. ఈ ధర్మసంకటాన్ని అవ్వ ముందే ఊహించింది. బస్సు ఆగిన చోట కిటికీ కింద నిలబడి, స్టీలు డబ్బాను రెండు చేతులా పైకెత్తింది. గోవర్ధనం ఎత్తినప్పుడు కూడా అంత గురి కుదరలేదు.

“సర్వప్పలున్నయి. వేడి మీద తినుండ్రి. డబ్బా మల్ల తేవాలె. పైలం బిడ్డా.”

కోడలి చేయి కిటికీలోంచి వచ్చింది. డబ్బా చేతులు మారింది. కండక్టర్ “రైట్” అన్నాడు. నాయినమ్మ రెండు వేళ్లతో మనవరాలి బుగ్గను గాలిలోనే పుణికి ముద్దు పెట్టుకుంది. బస్సు కదిలింది. మొత్తం ప్రయాణంలో ఇంతకు మించిన సంఘటన లేదు. కవికి దుఃఖం ఆగలేదు.

సముద్ర వర్ణన లేని కొరత ఆ రాత్రే తీరింది. హైదరాబాదులో వానలు దంచికొట్టి, జంట జలాశయాల గేట్లెత్తి, మూసీ పొంగి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే నీళ్లు వచ్చాయి. చిక్కుకున్న ప్రయాణికులను సిబ్బంది బయటకు తీసుకొచ్చారు. శనివారం బస్సులను నగరంలో వేరే చోట్ల నుంచి నడిపారు. ఆ జనంలో ఎందరు పిల్లలతో, ముల్లెలతో, సద్దుల కోసం బయల్దేరినవాళ్లో. వాళ్లను తలుచుకుంటే నవ్వు రాదు. ధర్మారంలో మన కోడలు టీవీ చూసి, తాను ఒక్కరోజు ముందు దాటిపోయానని అత్తమ్మకు ఫోన్ చేసింది. అవ్వ తన గొప్ప చెప్పుకోలేదు. “అందుకే పండుగకు ముందు నాలుగు రోజులు చేతిల ఉండాలె. వాన మనల్ని అడిగి వస్తదా?” అని ఊరుకుంది.

ఆజి

అక్టోబరు 1, బుధవారం సాయంత్రం. జేబీఎస్ రణభూమి.

బోధ కావడానికి కాస్త లెక్క చెప్పాలి. పండుగకు ఆర్టీసీ స్పెషల్ బస్సులు వేస్తుంది. అవి ఊరికి నిండుగా పోయి ఖాళీగా తిరిగి వస్తాయి. ఆ ఖాళీ తిరుగుడు డీజిల్ ఖర్చు రాబట్టుకోవడానికి, స్పెషల్ సర్వీసుల్లో ఒకటిన్నర రెట్ల దాకా చార్జీ తీసుకోవచ్చని 2003లోనే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. రోజూ తిరిగే బస్సుకు మాత్రం రోజువారీ చార్జీయే. అందరూ ఒకే పూట కదులుతామంటే ఆ ఖాళీ బస్సు తిరుగు ఖర్చు కూడా మన జేబులోంచే పోతుందని దీని తాత్పర్యం.

బామ్మర్ది వెనుక బ్యాగు, ముందు బ్యాగు, చేతిలో మిఠాయి డబ్బా, నోట్లో దస్తీతో రంగంలోకి దిగాడు. ‘కరీంనగర్’ బోర్డు పెట్టుకుని ఒక బస్సు మలుపు తిరిగింది. ఇంకా ఆగలేదు. రెండు వందల కాళ్లు కదిలాయి. డ్రైవరు హారన్ కొట్టాడు. పాంచజన్యం విన్న కౌరవసేనలో కూడా ఎవరో ఒకరు తగ్గి ఉంటారు, ఇక్కడ ఎవరూ తగ్గలేదు. బామ్మర్ది నోట్లోని దస్తీని కుడిచేతిలోకి తీసుకుని, ఆకర్ణాంతం లాగి, మూడో కిటికీలోకి వదిలాడు. దస్త్యస్త్రం గిరగిరా తిరుగుతూ పోయి ఒక సీటు మీద వాలింది. అదే సీటు మీదికి అదే క్షణంలో అవతలి కిటికీ నుంచి ఒక తువాల, వెనుక నుంచి ఒక పాల ప్యాకెట్, డోరులోంచి ఒక చంటిపిల్లాడు వచ్చి చేరారు. ధర్మశాస్త్రం ప్రకారం చంటిపిల్లాడిదే సీటు. ఆ దస్తీతోనే వాడి మూతి తుడిచారు.

సీటు పోయినా వీరుడు వెనుదిరగలేదు. ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, రెండో కాలు ఎవరి కాలి మీదో తెలియదు. అల్వాల్ దాటేసరికి అభిమన్యుడి లాగా చుట్టూ ఏడుగురు. మోచేతులు గదలు, బ్యాగుల జిప్పులు బాణాలు, “జరగన్నా జర” అన్న మాట రణనినాదం. శామీర్‌పేట దగ్గర ట్రాఫిక్ నిలిచింది. ప్రజ్ఞాపూర్ దగ్గర మిఠాయి డబ్బా చదునైంది. సిద్దిపేటలో ఒకరు దిగితే ఆ జాగాలో ముగ్గురెక్కారు. రేణికుంట టోల్ దగ్గర కార్ల బారు చూసి బామ్మర్దికి మొదటిసారి తాత్వికత కలిగింది: కార్లున్నవాళ్లు కూడా నిలబడే ఉన్నారు, కాకపోతే కూర్చుని.

కరీంనగర్ చేరేసరికి నడిరాత్రి. ధర్మారం బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. ట్రాలీ ఆటోలో, సామానుతో సామానుగా, చొప్పదండి మీదుగా సాగాడు. దారి పొడవునా ఏ దుకాణాల కోసమైతే ఇంత యుద్ధం చేశాడో ఆ దుకాణాల షట్టర్లన్నీ దిగివున్నాయి. ఒక షట్టరు ముందు కుక్క నిద్రపోతున్నది. దానిది నిశ్చింత.

నాయకాభ్యుదయం

గురువారం తెల్లవారుజామున కొడుకు జేబీఎస్‌లో మొదటి బస్సెక్కాడు. రాత్రి యుద్ధం జరిగిన నేల మీద విరిగిన దువ్వెన, ఒంటరి చెప్పు, ఎవరిదో దస్తీ పడివున్నాయి. బస్సులో సగం సీట్లు ఖాళీ. కాళ్లు చాపుకుని పడుకుని, రేణికుంట టోల్ దగ్గర లేచాడు. టిఫిన్ వేళకు ఇంట్లో ఉన్నాడు.

కాసేపటికి కోడలు, పిల్లలు, వాళ్లను దింపడానికి బామ్మర్ది వచ్చారు. స్టీలు డబ్బా మరువకుండా తిరిగి వచ్చింది. బామ్మర్ది కళ్లు ఎర్రబారి ఉన్నాయి, నడుము వంగి ఉంది, కంఠం మాత్రం మోగుతున్నది. అరుగు మీద కూర్చుని యుద్ధకాండ అందుకున్నాడు. పక్కింటివాళ్లు వచ్చారు. ఎదురింటివాళ్లు వచ్చారు. అల్వాల్ ఘట్టం దగ్గర పిల్లలు నోళ్లు తెరిచారు. చంటిపిల్లాడి ఘట్టం దగ్గర ఆడవాళ్లు నవ్వారు. మిఠాయి డబ్బా చదునైన ఘట్టం దగ్గర బాపు కూడా పేపరు పక్కన పెట్టాడు. ఆ సంత నడుమ ఎవరో కొడుకును కూడా పలకరించారు.

“నువ్వెట్లొచ్చినవ్?”

“బస్సుల.”

“ఏమన్న అయిందా?”

“ఏం కాలే. పడుకొని వచ్చిన.”

అడిగినవాళ్లు మొహం తిప్పుకున్నారు. ఇక్కడే కవికి ఒక సత్యం బోధపడింది. నెమ్మదిగా సాగిన ప్రయాణానికి కథ ఉండదు. కథ కావాలంటే కాళ్లు తొక్కించుకోవాలి. ఏటా అందరం దసరా ముందు రోజే ఎందుకు పరుగెత్తుతామంటే, రద్దీ తెలియక కాదు. ఊరు చేరాక అరుగు మీద చెప్పుకోవడానికి ఒక యుద్ధం లేకుంటే చుట్టాలు పట్టించుకోరన్న లోపలి భయం కూడా ఉంటుంది. మనశ్శాంతిని ఎవరూ రెండోసారి చెప్పమని అడగరు.

కథ ముగిశాక బామ్మర్ది నీరసంగా అవ్వ దిక్కు తిరిగాడు.

“ఇంత చేసినా దుకాణాలు దొరకలే అత్తమ్మా. పప్పుచారేనా?”

అవ్వ మాట్లాడకుండా ఫ్రిజ్ తలుపు తెరిచింది. లోపల వెలుతురు వ్యాపించింది. బాపు బుధవారం పొద్దున్నే ఊళ్లో యాట పోగు తెచ్చి, శుభ్రం చేయించి, గిన్నెలో సర్ది పెట్టాడు. గిన్నె మీద మూత, మూత మీద రాయి. బామ్మర్ది ఆ గిన్నెను చూసిన చూపు, కురుక్షేత్రం అయిపోయాక అన్న ఎవరో తెలుసుకున్నవాడి చూపు.

“నెల కిందనే చెప్పకపోతివి అత్తమ్మా?”

“నువ్వు చెప్పనిస్తివా బిడ్డా? ఏందో అరిచినవు, నాకు ‘ట...న్’ అనే ఇనబడ్డది.”

సాయంత్రం పాలపిట్టను చూశారు. జమ్మి ఆకు బంగారమై చేతులు మారింది, పెద్దల కాళ్లకు మొక్కులు, సమవయస్కులకు ఆలింగనాలు. కావ్యనాయకుడెవరో ఇప్పుడు చెప్పవచ్చు. ఒక్క టికెట్ కొనకుండా, ఒక్క బస్సెక్కకుండా, బస్టాండ్ దాకా నడిచి ఒక డబ్బా పైకెత్తడం తప్ప మరే ఆయుధం పట్టకుండా గెలిచినది అవ్వ. పాత కావ్యాల్లో యుద్ధం గెలిచినవాడు నాయకుడు. పండుగ ప్రయాణంలో యుద్ధం జరిగే చోటికి పోనివాడే నాయకుడు.

తిరుగు ప్రయాణం కూడా ఆమె నిర్ణయమే. బడి శనివారం తెరుస్తారు. శుక్రవారం సాయంత్రం భయపడేవాళ్ల రద్దీ. ఆదివారం సాయంత్రం భయపడనివాళ్ల రద్దీ. “శనివారం పగటీలి తిని బయలెల్లుండ్రి. బడి ఒక్క పూట పోతే పిల్లలు మొద్దులు గారు,” అంది. ముల్లెల శాసనం మాత్రం ఆమె తనకు తానే సడలించుకుంది. పోయేటప్పుడు ఒక చేతికి ఒక సంచి అన్న అవ్వ, వచ్చేటప్పుడు బియ్యం, కారప్పొడి, తొక్కు, గారెలు కట్టి ఇచ్చింది. మూడో చెయ్యి లేదని కొడుకు గుర్తుచేస్తే, “బామ్మర్దికి రెండున్నయి గదా” అంది. ఈసారి అందరూ ఒకే బస్సు.

ఫలశ్రుతి

పూర్వకావ్యాలు చదివినవారికి, విన్నవారికి, పదిమందికి వినిపించినవారికి కూడా పుణ్యం పంచేవి. ఈ కావ్యం సంగతి వేరు. దీన్ని ఒక్కరే కూర్చుని చదివినవారికి కిటికీ పక్క సీటు, దారంతా నిద్ర, టిఫిన్ వేళకు ఇల్లు ప్రాప్తిస్తాయి. ఇంట్లోవాళ్లకు మాత్రమే చెప్పినవారికి పైవాటితో పాటు ఫ్రిజ్‌లో యాట పోగు అధికఫలం. పదిమందికి చదివి వినిపించినవారికి ఏదీ దక్కదు. ఎందుకంటే ఆ పదిమందీ ఇంకో పదిమందికి చెబుతారు, వచ్చే ఏడు అలిగిన బతుకమ్మ నాడు జేబీఎస్‌లో దస్తీలు లేస్తాయి, అప్పుడు అవ్వ కొత్త రోజును వెతుక్కోవాలి. ఆమె ఇప్పటికే వేపకాయల బతుకమ్మ మీద కన్నేసిందని వినికిడి. ఎవరికీ చెప్పకండి.